నాలుగో సంబంధం

రక్తం గడప మీద ఎండి నల్లబడింది.

జ్యోత్స్న గడప దాటకుండా బయటే నిలబడి లోపలంతా ఒకసారి కలియజూసింది. కొల్లేటి అంచున, గణపవరానికి దిగువనున్న చేపల చెరువు కాపలా మకాం అది. రేకుల కప్పు, ఒక మంచం, మేత బస్తాలు, రాటకు మేకు కొట్టి తగిలించిన చిన్న షేవింగు అద్దం. ముందువైపు చెరువు. వెనక గట్టు దిగితే సరస్సు.

చెరువు రాజకుమార్‌ది. ఏలూరులో రైసుమిల్లులున్న ఇంటికి ఒక్కగానొక్క కొడుకు. ఎల్లుండి తాడేపల్లిగూడెంలో అతనికీ విజయదుర్గకీ తాంబూలాలు. నిన్న సాయంత్రం ఇంటికి ఫోను వచ్చింది. మాట్లాడి, ఎవరికీ ఏమీ చెప్పకుండా కారు తీసుకుని బయల్దేరాడు. తెల్లవారేసరికి కారు గట్టు మీదుంది, చెప్పు ఒకటి చెరువులో తేలుతోంది, మనిషి లేడు.

పెళ్ళి సంబంధాల విచారణ జ్యోత్స్న వృత్తి. ఏలూరు పవరుపేటలో చిన్న ఆఫీసు. కలిగినవాళ్ళు పిల్లనిచ్చే ముందూ, తెచ్చుకునే ముందూ ఆమెకు కబురు పెడతారు. ఆ పిల్లాడు ఎక్కడ తిరుగుతాడు, ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతుంది, ఆ ఇంట్లో ఎవరికైనా దాచిన జబ్బుందా, అన్నీ ఇరుగునీ పొరుగునీ అడిగి తెలుసుకుని చెబుతుంది. ముప్ఫై అయిదేళ్ళ జ్యోత్స్న ఎన్నో జంటలను కలిపింది. కొన్నింటిని విడగొట్టింది కూడా.

ఈసారి ఆమెను పిలిచింది విజయదుర్గ తండ్రి శ్రీరంగనాయకులు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి. భార్య లేదు, ఒక్కతే కూతురు. ఆ కూతురికి వచ్చిన మూడు సంబంధాలు ఒకే రకంగా చెడిపోయాయి. మాట ఖాయమైన వెంటనే పెళ్ళికొడుకు ఇంటికి ఎవరో ఒక ఆడమనిషి ఫోను చేస్తుంది. "ఆ అమ్మాయి మనసులో వేరే మనిషి ఉన్నాడు. తాంబూలాలు అందుకోకముందే తెలుసుకోండి" అని పెట్టేస్తుంది. అంతే, అవతలివాళ్ళు మధ్యవర్తి చేత చల్లగా "వద్దులెండి" అనిపిస్తారు. ఆ ఆడమనిషి ఎవరో పట్టుకోమని రంగనాయకులుగారు జ్యోత్స్నను వేడుకున్నారు. ఆమె ఇంకా పట్టుకోనేలేదు. ఈలోగా నాలుగో పెళ్ళికొడుకు మాయమయ్యాడు.

"చెప్పు చూశావా?"

వెనకనుంచి వచ్చిన ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. తిరగకుండానే, "చూశానండీ" అంది.

"అండీనా?" అన్నాడు క్రాంతి కుమార్.

"రెండేళ్ళయింది కదండీ."

పెళ్ళికొడుకు వాళ్ళ తరఫున పనిచేస్తున్న విజయవాడ డిటెక్టివు అతనేనని ఆమెకు పొద్దున్నే తెలిసింది. బస్సులో వస్తున్నంతసేపూ ఎలా మాట్లాడాలో అనుకుంటూనే వచ్చింది. అనుకున్నవేవీ ఇప్పుడు గుర్తుకు రాలేదు.

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే చర్చి. పెళ్ళి ప్రకటన వరసగా మూడు ఆదివారాలు చదవాలి. మొదటి ఆదివారం పాస్టరుగారు ఇద్దరి పేర్లూ చదివినప్పుడు ముందు బెంచీల్లోని ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. రెండో ఆదివారం ఆయన ఆ కాగితం తీయనే లేదు. ముందురోజు క్రాంతి కుమారే వెళ్ళి ఆపేయమన్నాడట. ఎందుకని అడిగితే, "చెప్పలేను జ్యోత్స్నా" అన్నాడు. ఆ నెలలోనే విజయవాడ వెళ్ళి వేరే ఆఫీసు పెట్టుకున్నాడు. ఊళ్ళో వాళ్ళందరి రహస్యాలూ తవ్వే జ్యోత్స్న ఆ ఒక్క కారణాన్ని మాత్రం తవ్వలేదు. తవ్వితే ఏం బయటపడుతుందోనని భయపడింది.

"ఇందులో వెతకడానికేం లేదు" అన్నాడు అతను, చెరువులో వల లాగుతున్న కానిస్టేబుళ్ళను చూపిస్తూ. "పెళ్ళికూతురికి ఒకడున్నాడు. వాడే ఇతన్ని ఇక్కడికి రప్పించి కొట్టి నీళ్ళలో పడేశాడు. ఎస్సై ఇమ్మానుయేలుగారు గజ ఈతగాళ్ళ కోసం వెళ్ళారు. మధ్యాహ్నానికి శవం దొరుకుతుంది."

"ఫోను చేసింది ఎవరు?"

"ఎప్పుడూ చేసే ఆడమనిషే. రత్నాంబగారు చెప్పారు." రత్నాంబ అంటే రాజకుమార్ తల్లి. "ఆడగొంతు, అవే మాటలు."

"నేనొకసారి ఆవిడతో మాట్లాడతాను."

"వద్దు. బీపీ పెరిగి పడుకునుంది. ఫోను మోగితే చాలు ఉలిక్కిపడుతోంది. ఆవిడ చెప్పిందంతా నేను నీకు చెప్పాను కదా."

ఆ మాట న్యాయంగానే తోచింది. ఆమె మకాంలోకి అడుగు పెట్టింది.

కాపలాదారు మాణిక్యం గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"రాత్రి నువ్వెక్కడున్నావు మాణిక్యం?"

"మా ఊళ్ళో ప్రార్థన కూడికండి. అబ్బాయిగారే వెళ్ళమన్నారండి. ఎవరో వస్తారు, మాట్లాడుకోవాలి, పొద్దున్నే వచ్చెయ్ అన్నారండి."

"ఎవరొస్తారో చెప్పారా?"

"లేదండి. మొహం మాత్రం అదోలా ఉందండి. కోపం కాదండి. పరీక్ష రాయడానికి వెళ్ళేవాడిలా ఉన్నారండి."

"లోపల చూసి చెప్పు. ఏదైనా ఉండాల్సింది లేదా?"

మాణిక్యం లేచి చూశాడు. చాలాసేపు చూశాడు. "దండెం మీద నా తువ్వాలు లేదండి. ఎర్రది. నిన్న ఉతికి ఆరేశానండి."

క్రాంతి కుమార్ నవ్వాడు. "మనిషి పోతే తువ్వాలు వెతుకుతున్నావా?"

జ్యోత్స్న వినిపించుకోలేదు. షేవింగు అద్దం దగ్గరకు వెళ్ళింది. అద్దం తిన్నగా లేదు, కిందికి వంచి ఉంది. ఎడమ అంచున గోధుమరంగు మచ్చ. మొహం దగ్గరగా పెట్టి చూస్తే అది బొటనవేలి ముద్ర. వేలికి రక్తం ఉండగా పట్టుకున్న ముద్ర. అద్దం కింద నేల చూసింది. చుక్కలు. మంచం దగ్గర రక్తం మడుగుకట్టి ఉంది, అద్దం కింద బొట్లు ఒకేచోట కుప్పగా పడ్డాయి, అక్కడినుంచి ఒక్కొక్కటిగా దూరం జరుగుతూ వెనక తలుపు వైపు వెళ్ళాయి.

ఆమె వెనక తలుపు తీసుకుని గట్టెక్కింది. క్రాంతి కుమార్ వెంట వచ్చాడు.

సరస్సు ఒడ్డున ఒక గుంజ. దానికి కట్టి ఉండాల్సిన తాడు నీళ్ళలో వేలాడుతోంది. గుంజ తల మీద కూడా అదే గోధుమరంగు.

"ఇక్కడ ఏముంటుంది మాణిక్యం?"

"తాటి దోనె ఉంటుందండి. లంకకి పోవడానికి. ఏదండీ దోనె?"

జ్యోత్స్న సరస్సు వైపు చూసింది. కనుచూపు మేర గుర్రపుడెక్క పచ్చగా కమ్ముకుని ఉంది. ఆ పచ్చదనం మధ్యలో సన్నని నీటి చార ఒకటి, ఎవరో పాపిడి తీసినట్టు, దూరంగా కనిపిస్తున్న చినలంక వైపు సాగింది. గుర్రపుడెక్క ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

"క్రాంతీ, ఇతను బతికే ఉన్నాడు."

అండీలు ఎగిరిపోయాయని ఆమె గమనించుకోలేదు.

"చూడు. దెబ్బ తలకి తగిలింది. పడిపోయాడు. కొట్టినవాడు చచ్చాడనుకున్నాడో భయపడ్డాడో, బయటికి పోయాడు. ఇతను లేచి అద్దం ముందు నిలబడి, అద్దం వంచుకుని, మాణిక్యం తువ్వాలు తలకి కట్టుకున్నాడు. చంపేవాడు ఎక్కడైనా కట్టు కడతాడా? ముందువైపు కారు దగ్గర ఆ మనిషి ఇంకా ఉన్నాడు కాబట్టి కారు జోలికి పోలేదు. వెనకనుంచి దిగి దోనె విప్పుకున్నాడు. ఆ చెప్పు దెబ్బ తిని పడినప్పుడే గుమ్మంలోంచి చెరువులోకి ఎగిరిపడి ఉంటుంది. చినలంకలో ఎవరింట్లోనో పడి ఉన్నాడు."

చెబుతూ అతని మొహంలోకి చూసింది. ఒకప్పుడు చిక్కుముడి విప్పినప్పుడల్లా ఆ మొహం వెలిగేది. "నీ బుర్రకి దండం" అనేవాడు. ఆ వెలుగు కోసం ఆమె రెండేళ్ళుగా ఎంత ఆకలితో ఉందో ఈ క్షణం దాకా ఆమెకే తెలియదు.

అతని మొహం వెలగలేదు. నీటి చార వైపే చూస్తున్నాడు.

"నీ బుర్రకి దండం" అన్నాడు చివరికి, మెల్లగా. "ఎస్సైగారు రాగానే నేను చెప్తాను. పడవ తీసుకుని వెళ్తాం. నువ్వు తాడేపల్లిగూడెం వెళ్ళు. ఆ అమ్మాయి నోరు విప్పించగలిగేది నువ్వే."

ఆమె ఆ చిన్న మెప్పును మూటగట్టుకుని బయల్దేరింది.

* * *

శ్రీరంగనాయకులు మేడ మీది గదిలో విజయదుర్గ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఇరవై ఏడేళ్ళుంటాయి. ఊళ్ళో కాలేజీలో బాటనీ చెబుతుంది. మంచం మీద తాంబూలాలకని కొన్న పట్టుచీర అట్టపెట్టెలోనే ఉంది.

రంగనాయకులు గుమ్మం దగ్గరే నిలబడి, "ఏమైనా తెలిసిందా అమ్మా?" అన్నారు.

"బతికే ఉన్నాడని నా నమ్మకం బాబాయిగారూ. మీరు కాసేపు కింద కూర్చోండి. నేను దుర్గగారితో మాట్లాడాలి."

ఆయన వెళ్ళాక జ్యోత్స్న తలుపు దగ్గరగా వేసింది. విజయదుర్గ "బతికే ఉన్నాడు" అన్న మాట దగ్గరే ఆగిపోయినట్టుంది.

"నెల రోజులుగా ఆ ఆడగొంతు కోసం ఊరంతా వెతికానండీ" అంది జ్యోత్స్న. "ఇంట్లో వెతకలేదు. ముగ్గురికీ ఫోను వెళ్ళింది మీ ఇంట్లో మాట ఖాయమైన మర్నాడే. అప్పటికి ఆ సంగతి మీ చుట్టాలకి తెలియదు, ముహూర్తం పెట్టే పురోహితుడికి తెలియదు. మీ వైపు మీ నాన్నగారికీ మీకూ తప్ప ఇంకెవరికీ తెలియదు."

విజయదుర్గ తల వంచుకోలేదు.

"నేనే చేశానండీ. మూడూ నేనే చేశాను."

"ఎందుకు?"

"మీరు నా గురించి ఎంతమందిని అడిగారు జ్యోత్స్న గారూ?"

జ్యోత్స్న లెక్కపెట్టుకోబోయి ఆగిపోయింది.

"మీ మీద కోపం లేదండీ. అందరూ అంతే. నాకు సంబంధం వస్తే మా పక్కింటివాళ్ళని అడుగుతారు, మా పనిమనిషిని అడుగుతారు, నేను చదువుకున్న హాస్టల్ వార్డెన్‌ని అడుగుతారు. జాతకం చూస్తారు, ఫొటో చూస్తారు. ఏలూరు కల్యాణమండపంలో పరిచయ వేదిక పెడితే నాన్నగారి మాట కాదనలేక రెండేళ్ళు వెళ్ళాను. చీరకి నంబరు అంటించుకుని, మైకులో గోత్రం, ఎత్తు, చదువు చెప్పి దిగిపోవాలి. కింద కూర్చున్న పెద్దలు నంబరు రాసుకుంటారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నేనే అబద్ధం చెప్పైనా సరే, ఒక్కడైనా వచ్చి 'ఇది నిజమేనా?' అని నా మొహం చూసి అడుగుతాడేమోనని ఆశపడ్డాను. అడిగితే నిజం చెప్పేసి కాళ్ళ మీద పడేదాన్ని. ముగ్గురిలో ఒక్కడూ రాలేదండీ."

"రాజకుమార్ గారికి ఎందుకు చేశారు?"

"చేయలేదు."

ఆ మాట ఎంత తొందరగా వచ్చిందంటే జ్యోత్స్న ఆమె వైపు సూటిగా చూసింది.

"ఆయనకి చేయలేదండీ. చేయాల్సిన అవసరం రాలేదు. ఈ ఏడాది వేదిక మీద నేను గోత్రం చెప్పి దిగబోతుంటే, కుర్చీల మధ్యలోంచి ఒకాయన లేచారు. 'ఏమండీ, మీకు దేనికి నవ్వొస్తుంది?' అని అడిగారు. మండపమంతా నవ్వింది. ఆయన కూర్చోలేదు. జవాబు కోసం అలాగే నిలబడ్డారు." విజయదుర్గ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కప్పలకి అన్నాను. వర్షం పడ్డ రాత్రి కప్పలు అరుస్తుంటే నవ్వొస్తుందన్నాను. ఆయన బుద్ధిగా తల ఊపి కూర్చున్నారు. ఆ రోజునుంచీ ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తున్నాను. అలాంటి మనిషికి నేనెందుకు ఫోను చేస్తానండీ?"

కింద వీధిలో ఉల్లి లారీలు వెళుతున్నాయి. జ్యోత్స్న మనసులో ఏదో కదిలింది.

"మీరు చేసే ఫోను సంగతి ఇంకెవరికి తెలుసు?"

విజయదుర్గ తటపటాయించింది. "ఒక్కరికి. పెళ్ళికొడుకు కాదు. మూడో సంబంధం భీమవరం వాళ్ళది, రెండేళ్ళ కిందట. వాళ్ళు ఒక డిటెక్టివుని పెట్టారట. ఆయన తిన్నగా మా కాలేజీకి వచ్చారు. లైబ్రరీలో నా ఎదురుగా కూర్చుని, 'ఆ ఫోను చేసింది మీరే కదండీ' అన్నారు. నేనాశపడ్డ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. నాకు ఏడుపొచ్చేసింది. మీకు చెప్పినట్టే అంతా చెప్పేశాను. ఆయన భీమవరం వాళ్ళకి ఏమీ తెలియలేదని చెప్పి నన్ను కాపాడారు."

"తర్వాత?"

"మళ్ళీ వచ్చారు. మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఒకరోజు పెళ్ళి చేసుకుంటానన్నారు. కుదరదండీ అన్నాను. కులం, మతం కాదు. మీరు అడిగింది నా గురించి కాదు, మీ కేసు గురించి అన్నాను. ఆయన చాలా బాధపడ్డారు. మీ కోసం మా చర్చిలో నా పెళ్ళి ప్రకటన ఆపించేసుకుని వచ్చాను అన్నారు." విజయదుర్గ గొంతు తగ్గింది. "ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు జ్యోత్స్న గారూ. ఆ అమ్మాయి తలపుకొచ్చి ఎన్నో రాత్రులు నిద్రపట్టలేదు."

జ్యోత్స్న కిటికీ ఊచ పట్టుకుంది.

రెండేళ్ళుగా తవ్వని చోటు దానంతటదే బయటపడింది. అప్పట్లో భీమవరం కేసు అతనొక్కడే చూశాడు, పెళ్ళికూతురు పేరు కూడా ఆమెకు చెప్పలేదు. ఆమె కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే మళ్ళీ తెరవలేనేమో అనిపించింది. ఏడవడానికి తర్వాత సమయం ఉంటుంది. ఇప్పుడు ఒక మనిషి తల పగిలి లంకలో పడి ఉన్నాడు.

"ఆయన పేరు?"

పేరు ఆమెకు తెలుసు. అయినా సాక్షి నోటి వెంట రావాలి.

"క్రాంతి కుమార్ గారండీ."

జ్యోత్స్న సెల్ ఫోను తీసి ఏలూరులో రత్నాంబ ఇంటికి చేసింది. చాలాసేపు మోగాక ఆవిడే ఎత్తింది. గొంతు నీరసంగా ఉన్నా మాట స్పష్టంగానే ఉంది.

"నిన్న సాయంత్రం ఫోను ఎవరు ఎత్తారండీ?"

"నేనే ఎత్తానమ్మా. అబ్బాయికి ఇచ్చాను."

"ఆడగొంతేనా?"

"కాదమ్మా, మగగొంతు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది. ఎక్కడో విన్నట్టే ఉంది కానీ తోచట్లేదు."

"క్రాంతి కుమార్ గారికి ఈ మాట చెప్పారా?"

"పొద్దున్నే చెప్పానమ్మా. మగవాడేనని రెండుసార్లు చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నారు."

ఎస్సై ఇమ్మానుయేలుకు చేసింది. ఆయన చెరువు దగ్గరే ఉన్నాడు.

"బతికే ఉన్నాడా? నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు ఆయన. "క్రాంతి గారా? ఇక్కడ లేరండి. నేను వచ్చేసరికే ఎవరిదో పడవ మాట్లాడుకుని సరస్సులోకి వెళ్ళారట. మాణిక్యం చెప్పాడు."

జ్యోత్స్న చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పింది. అవతల పరుగులు, కేకలు వినిపించాయి. ఈతగాళ్ళు తెచ్చిన ఇంజను పడవ ఉందట.

"గుర్రపుడెక్కలో ఇంజను సరిగ్గా నడవదండీ, కొంచెం పడుతుంది" అన్నాడు ఇమ్మానుయేలు. "ఆయన దగ్గర సెల్లు ఉంటుంది కదా. మీరు చేసి మాట్లాడుతూ ఉండండి. ఏం మాట్లాడతారో మీ ఇష్టం. ఆపకండి."

* * *

మూడోసారి మోగాక క్రాంతి కుమార్ ఎత్తాడు.

"చెప్పు."

"ఎక్కడున్నావు?"

"ఎస్సైగారితో పడవలో ఉన్నాను."

"అబద్ధం ఆడకు క్రాంతీ. విజయదుర్గ అంతా చెప్పింది. రత్నాంబగారు కూడా చెప్పారు."

అవతల ఎక్కడో కోళ్ళు అరిచాయి. అతను ఊళ్ళో ఉన్నాడు. లంక చేరిపోయాడు.

"కొట్టాలని పోలేదు" అన్నాడు. "ఆ అమ్మాయి ఎలాంటిదో చెప్పి, వెనక్కి పంపేద్దామనుకున్నాను. నేను చెప్పిందంతా విని, 'సరేనండీ, రేపు ఆవిడనే అడుగుతాను' అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు జ్యోత్స్నా. నేను ఏడాది తిరిగినా దొరకనిది వాడికి ఒక్క ప్రశ్నకి దొరికేసింది. చేతికి మేత కలిపే కర్ర దొరికింది. తర్వాత బయటికొచ్చి కారు పక్కన కూర్చుండిపోయాను. వాడు లేచి వెళ్ళడం కూడా తెలియలేదు."

"ఇప్పుడేం చేద్దామని వెళ్ళావు?"

"తెలియదు. వాడు నా మొహం చూశాడు." ఊపిరి బరువుగా వినిపించింది. "ఆ ఇంటి ముందే నిలబడ్డాను. లోపల మంచం మీద ఉన్నాడు. ఇంటావిడ నీళ్ళకి వెళ్ళింది."

జ్యోత్స్న గదిలో ఉన్న విజయదుర్గ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఏం మాట్లాడితే అతను ఆగుతాడో ఆమెకు తెలియదు. ఇన్నాళ్ళూ దాచుకున్న నిజం ఒక్కటే దగ్గరుంది. అదే తీసింది.

"మన ఆఫీసు బోర్డు మీద నీ పేరు ఇంకా చెరిపించలేదు. పెయింటరు రెండుసార్లు వచ్చాడు. పనుంది, రేపు రమ్మని పంపేశాను. మా అమ్మ తిట్టింది. నిన్ను తిట్టలేదు, నన్నే తిట్టింది. ఆ ఆదివారం తర్వాత చర్చి మానేస్తానేమోనని అందరూ అనుకున్నారు. నేను మానలేదు. నువ్వొస్తావేమోనని వెళ్ళాను. నువ్వు మానేశావని తెలిశాక కూడా వెళ్ళాను."

ఆమె ఆపకుండా ఇంకా చెప్పింది.

"నాకు ఏ కేసులో చిక్కు విడినా, నీకు చెబితే ఎలా ఉంటుందా అని లోపల చెప్పుకునేదాన్ని. నీ మాటలు కూడా నేనే అనుకునేదాన్ని. ఇవాళ గట్టు మీద నిజంగా చెప్పాను. ఎంత సంతోషంగా చెప్పానో నీకు తెలియదు."

"తెలుసు" అన్నాడు క్రాంతి కుమార్. "చూశాను. అప్పుడే వెనక్కి పోవాలనిపించింది."

"ఇప్పుడైనా పో. ఆ గుమ్మంలోకి మాత్రం వెళ్ళకు."

దూరంగా ఇంజను చప్పుడు. దగ్గి ఆగి మళ్ళీ అందుకుంటోంది. అది అతనికీ వినపడింది.

"పోలీసులు వచ్చేదాకా మాట్లాడిస్తున్నావు కదూ?"

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. "అవును."

"మరి చెప్పిందంతా?"

"అదీ నిజమే."

అతను నవ్వినట్టో ఏడ్చినట్టో చిన్న చప్పుడయింది. "ఇక్కడ అరుగు ఉంది. కూర్చుంటున్నాను. వాళ్ళు వచ్చేదాకా ఇంకా ఏమైనా చెప్పు, వింటాను."

జ్యోత్స్న చెప్పింది. ఏం చెప్పిందో తర్వాత ఆమెకే పూర్తిగా గుర్తులేదు. వర్షాకాలంలో ఆఫీసు గోడ కారిన సంగతి, తను ఒంటరిగా భోంచేసే హోటల్లో సర్వరు మారిన సంగతి, రెండేళ్ళలో ఒక్క మనిషికీ చెప్పనివన్నీ. ఇంజను చప్పుడు పెరిగి, ఆగింది. అడుగుల శబ్దం. ఎవరో "లేవండి క్రాంతి గారూ" అన్నారు, మర్యాదగానే. ఫోను చేతులు మారింది.

"దొరికారండీ ఇద్దరూ" అన్నాడు ఇమ్మానుయేలు, రొప్పుతూ. "కుర్రాడికి స్పృహ ఉంది. తలకి గట్టి దెబ్బే గానీ మాట్లాడుతున్నాడు. పెళ్ళికూతురు గారితో ఒక్క మాట అడగాలంటున్నాడు, వద్దంటే వినట్లేదు. ఆవిడ అక్కడ ఉన్నారా?"

జ్యోత్స్న సెల్ ఫోను విజయదుర్గ చేతిలో పెట్టింది. ఆమె దాన్ని రెండు చేతులతో చెవికి ఆనించుకుంది. అవతల అతనేం అడిగాడో వినపడలేదు. విజయదుర్గ కళ్ళ నీళ్ళు జారుతుండగా, "అబద్ధమండీ. నేనే చెప్పుకున్న అబద్ధం. మొత్తం చెప్తాను, మీరు రండి" అంది. కాసేపు విని, "కాదు, నేనే వస్తాను" అంది.

జ్యోత్స్న వరండాలోకి వెళ్ళి నిలబడింది. రంగనాయకులు మెట్ల మీద ఎదురొచ్చి ఆమె మొహం చూశారు. ఏమీ అడగకుండానే సంగతి గ్రహించి రెండు చేతులూ జోడించారు. ఆమె తల మాత్రం ఊపగలిగింది.

కాసేపటికి విజయదుర్గ ఫోను తెచ్చి ఇచ్చింది. లైన్లో ఇంకా ఇమ్మానుయేలే ఉన్నాడు.

"జ్యోత్స్న గారూ, మీరు సాయంత్రం స్టేషనుకి రావాలండీ. ఈ కేసులో మొదటి సాక్షి మీరే అవుతారు." ఆయన కాస్త ఇబ్బందిగా దగ్గాడు. "ఆయన్ని ఫోనులో ఎలా ఆపారో, ఏమేం చెప్పి ఆపారో అదంతా కూడా వాంగ్మూలంలో రాయాల్సి ఉంటుంది. రేపు కోర్టులో వాళ్ళ లాయరు అడుగుతాడు, అందరి ముందూ. కావాలంటే కేసు కోసం ఏదో కల్పించి చెప్పానని రాసుకుందాం. మీ ఇష్టమండీ."

జ్యోత్స్న వరండా గోడకు చేయి ఆనించి నిలబడింది. ఆ ఒక్క మాటతో ఈ గొడవనుంచి తన పరువు దక్కుతుంది. అమ్మ తలెత్తుకుని చర్చికి వెళ్ళొచ్చు. తనూ వెళ్ళొచ్చు.

"వద్దండీ" అంది. "చెప్పింది చెప్పినట్టే రాయండి."